నొప్పితో ఉన్నప్పుడు నొప్పి గురించిన పుస్తకాలు ఎలా చదవాలి

ముందు ఎవరికోసం రాస్తున్నానో చెప్పేస్తాను. నడుమునొప్పో మెడనొప్పో నెలల తరబడి వదలనివాళ్లకి, ఇంట్లో మనిషి పోయి ఆ మనిషి గదిలోకి ఇంకా వెళ్లలేకపోతున్నవాళ్లకి, లేదంటే అలాంటివాళ్ల పక్కనే ఉండి ఏం మాట్లాడాలో తెలీక ఒక పుస్తకం కొనిచ్చేద్దామా అనుకుంటున్నవాళ్లకి. ఈ రెండు రకాల నొప్పీ నాకు తెలుసు. 2019లో అమ్మ క్యాన్సర్‌తో పోయింది. రెండేళ్లు తిరక్కుండానే నాకు నడుములో ఎల్ ఫోర్ ఎల్ ఫైవ్ దగ్గర డిస్క్ జారి, తుంటి నుంచి పిక్క దాకా కుడికాలంతా జివ్వుమని లాగడం మొదలైంది, అది ఒక దారికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ రోజుల్లో నొప్పి మీద, దుఃఖం మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. కొన్ని నన్ను నిలబెట్టాయి, కొన్ని ఇంకా కిందకి లాగాయి, అందులో పుస్తకాల తప్పేం లేదు, నేను వాటిని తప్పు టైంలో తప్పు వరసలో చదివాను. మీకు అలా జరక్కూడదని ఇది.

ఒకటి మాత్రం ముందే అనుకుని మొదలుపెట్టండి. ఏ పుస్తకం చదివినా నొప్పి తగ్గదు. తగ్గుతుందని ఆశపడి తెరిస్తే యాభయ్యో పేజీ దగ్గర పుస్తకం మీద కోపం వస్తుంది, తర్వాత మన మీద మనకే కోపం వస్తుంది. ఈ పుస్తకాల వల్ల అయ్యే పని వేరే, మనకి జరుగుతున్నది ఇంకొకళ్లకి చెప్పడానికి మాటలు దొరుకుతాయి. అది చిన్న విషయం కాదు, ఎందుకో కింద చెప్తాను.

మొదటి పని: పుస్తకం తెరవక ముందు మీ నొప్పిని మీ మాటల్లో రాయండి

చిన్న నోట్‌బుక్ తీసుకోండి, ఫోన్లో నోట్స్ అయినా పర్లేదు. ఈరోజు నొప్పి ఎలా ఉందో ఒక్క వాక్యం రాయండి. "బాగా నొప్పిగా ఉంది" అని మాత్రం రాయొద్దు. మన ఇళ్లల్లో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. తలపోటు వేరు, తల దిమ్ముగా ఉండటం వేరు. పుండు సలుపుతుంది, పన్ను సలుపుతుంది, నడుము అయితే పట్టేస్తుంది, లేదా వంగినప్పుడు కలుక్కుమంటుంది. కాళ్లు పీకుతాయి, గుంజుతాయి. నరం జివ్వుమంటుంది. నిప్పు తగిలితే చురుక్కుమంటుంది. కడుపులో మెలిపెడుతుంది. ఇక మనసు సంగతికొస్తే, దూరంగా ఉన్న మనిషి మీద బెంగ, రాబోయేదాని గురించి గుబులు, దేనికో తెలీకుండా పొద్దుటి నుంచీ పట్టుకున్న దిగులు, ఇవన్నీ ఒకటి కావు కదా. కడుపుకోత అనే మాట బిడ్డని పోగొట్టుకున్నవాళ్లకి తప్ప ఎవరికీ వాడం.

వర్జీనియా వుల్ఫ్ 1926లో జబ్బుపడటం మీద ఒక వ్యాసం రాసింది, అందులో ఆవిడ బాధ ఏంటంటే ప్రేమలో పడిన చిన్నపిల్లకి కూడా తన మనసు చెప్పుకోడానికి షేక్‌స్పియర్ ఉన్నాడు గానీ తలనొప్పి వచ్చినవాడు డాక్టర్‌కి దాన్ని చెప్పబోతే ఇంగ్లీషు భాష ఎండిపోతుందని. అది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది, ఆవిడకి ఆ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. ఇబ్బంది మన తరానికి వచ్చింది, మనం అన్నిటికీ పెయిన్ అనేస్తున్నాం.

ఈ మాటలు ఉత్త అందం కోసం కాదు, వైద్యానికి పనికొస్తాయి. రోనాల్డ్ మెల్జాక్ అని కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ సైకాలజిస్ట్, రోగులు నొప్పి గురించి వాడే మాటల్ని పోగుచేసి 1975లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు, 78 మాటలు, 20 గుంపులు. పొడిచినట్టు, మండినట్టు, కొరికినట్టు, పిండినట్టు లాంటి ఒంటి మాటలతో పాటు అలిసిపోయేలా చేసేది, భయపెట్టేది, శిక్షలా ఉండేది లాంటి మనసు మాటలు కూడా అదే కాగితం మీద పెట్టాడు. మంటగా, కరెంటు షాక్‌లా, తిమ్మిరితో కలిసి వచ్చేది నరానికి సంబంధించిన నొప్పి కావచ్చు, దానికి వాడే మందులు మామూలు నొప్పి బిళ్లలకంటే వేరుగా ఉంటాయి. అంటే మీరు ఏ మాట వాడారన్నది డాక్టర్ ఏ మందు రాస్తారన్నదాని దాకా పోతుంది.

అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మాయి రోజూ వచ్చి సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత ఉందమ్మా అని అడిగేది. అమ్మ ఒకరోజు "పదికెంతో నాకేం తెలుసు తల్లీ, లోపల ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టుంది" అంది. నేను పక్కనే ఉండి, ఎనిమిది రాసుకోండి మేడం అన్నాను. ఆ తడిగుడ్డ మాట నేను ఆరోజే ఆ అమ్మాయికి ఇంగ్లీషులో సరిగ్గా చెప్పుండాల్సింది, నాకప్పుడు దాని విలువ తెలీదు. అందుకే ఈ అడుగు మొదట పెట్టాను, దీన్ని దాటేసి పుస్తకానికి వెళ్లొద్దు.

రెండో పని: రాసినవాళ్లు ఎక్కడ నిలబడి రాశారో చూడండి

అట్ట వెనక పొగడ్తలు చూసి కొనకండి. ముందుమాట తెరిచి ఒక్క విషయం కనుక్కోండి, ఈ మనిషి నొప్పి లోపల కూర్చుని రాశాడా, దాటొచ్చి రాశాడా, పక్కన నిలబడి చూసి రాశాడా. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ సి.ఎస్. లూయిస్. 1940లో బాధ అనే సమస్య మీద ఒక పుస్తకం రాశాడు, దేవుడు మంచివాడైతే బాధ ఎందుకుంది అని తర్కంతో, చాలా తెలివిగా రాసిన పుస్తకం అది. ఇరవై ఏళ్ల తర్వాత 1960లో భార్య క్యాన్సర్‌తో పోయింది. అప్పుడు ఇంట్లో దొరికిన ఖాళీ నోటుబుక్కుల్లో మనసుకి తోచింది తోచినట్టు రాసుకుంటూ పోయాడు, నాలుగో నోటుబుక్కు అయిపోతే ఇంక ఆపేయాలని తనకి తనే హద్దు పెట్టుకున్నాడు. అది 1961లో వేరే పేరుతో అచ్చయింది, "ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్". మొదటి పుస్తకంలో అంత ధీమాగా మాట్లాడినవాడు రెండోదాంట్లో దేవుడి తలుపు మొహం మీదే వేసేసినట్టుందని రాస్తాడు. రాసింది ఒకే మనిషి.

మీరు తాజా దుఃఖంలో ఉంటే మొదటి రకం పుస్తకం జోలికి పోకండి. ఎంత గొప్పదైనా అది ఉపన్యాసంలా వినిపిస్తుంది, అమ్మ పోయిన పదో రోజు మా బంధువు ఒకాయన నా చేతిలో పెట్టిన పుస్తకం అలాంటిదే, ఆయన మంచి మనసుతోనే ఇచ్చారు, నేను మూడు పేజీలు చదివి ఏడాది దాకా ఏ పుస్తకమూ ముట్టుకోలేదు. లోపల కూర్చుని రాసినవి తాజా దుఃఖానికి, తర్కంతో రాసినవి కొంచెం ఊపిరి తీసుకున్నాక. ఒంటినొప్పికి మాత్రం దీనికి తిరగేసి చేయాలి, లోపల కూర్చుని రాసినవి చదివితే భయం పెరుగుతుంది, కాబట్టి ముందు పక్కన నిలబడి చూసిన డాక్టర్లు రాసినవి చదవండి. ఇది నా అనుభవం మీద చెప్తున్నాను, మీకు వేరేలా ఉంటే మీదే రైటు.

ఒంటినొప్పికి మొదటి పుస్తకం ఏది అని అడిగితే నేను ఒకే పేరు చెప్తాను

డాక్టర్ పాల్ బ్రాండ్. ఫిలిప్ యాన్సీతో కలిసి 1993లో రాసిన పుస్తకం, దాని ఇంగ్లీషు పేరుకి అర్థం "నొప్పి: ఎవరూ కోరుకోని కానుక". బ్రాండ్ 1914లో తమిళనాడులో కొల్లి కొండల్లో పుట్టాడు, తల్లిదండ్రులు మిషనరీలు, చదువుకి ఇంగ్లండ్ వెళ్లి, సర్జన్ అయి, 1946లో వెల్లూరు సీఎంసీ ఆస్పత్రికి (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వచ్చాడు. మా నెల్లూరు వాళ్లకి, చిత్తూరు, కడప వాళ్లకి వెల్లూరు అంటే పరాయి ఊరు కాదు, ఇంటికొకళ్లైనా అక్కడికి వెళ్లొచ్చినవాళ్లే, అందుకే ఆ పుస్తకంలో వార్డుల గురించి చదువుతుంటే నాకు ఇంటి పక్క కథలా అనిపించింది.

అక్కడ ఆయన కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు. వేళ్లు పోయేది జబ్బు మాంసాన్ని తినేయడం వల్ల కాదు, జబ్బు నరాన్ని చంపుతుంది, నొప్పి తెలియడం ఆగిపోతుంది, నొప్పి తెలీని చెయ్యి కాలినా తెగినా పట్టించుకోదు, దాంతో పుండు, చీము, ఆఖరికి వేలు పోతుంది. ఒకసారి తుప్పు పట్టిన తాళం ఆయనకి తిరక్కపోతే ఒక కుర్రాడు వచ్చి టక్కున తిప్పేశాడు, ఎంత బలం అని చేయి పట్టుకు చూస్తే వేలు ఎముక కనపడేదాకా తెగి ఉంది, పిల్లాడికి తెలీనే తెలీదు. రాత్రిళ్లు నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా రోగులకి మెలకువ రాలేదు, తర్వాత ఇంటికి పంపేటప్పుడు వాళ్లకి పిల్లుల్ని ఇచ్చి పంపేవాళ్లు. ఇంకో రోజు, ఇంగ్లండ్‌లో, రైలు ప్రయాణం చేసి అలిసిపోయి రూముకి వచ్చి మేజోడు తీస్తే మడమకి స్పర్శ లేనట్టనిపించింది, సూది గుచ్చుకుంటే నొప్పి లేదు, జబ్బు తనకీ వచ్చేసిందని ఆ రాత్రంతా నిద్రలేదు. తెల్లారి మళ్లీ గుచ్చుకున్నాడు. నొప్పికి కేక పెట్టాడు, ఆ నొప్పికి ఆయన దేవుడికి దండం పెట్టుకున్నాడు.

ఈ పుస్తకం ఎందుకు మొదట అంటున్నానంటే, నొప్పి మన ఒంటికి కాపలా కాసేదని ఆయన వాదించకుండా మనుషుల్ని చూపించి చెప్తాడు. ఆయన టీము నొప్పి తెలీనివాళ్లకోసం సెన్సర్లు పెట్టి కృత్రిమ నొప్పి తయారుచేయబోయింది, ఏళ్ల తరబడి కష్టపడ్డారు, కుదర్లేదు. చిన్న షాక్ ఇచ్చేలా పెడితే రోగులు పని చేసుకోడానికి స్విచ్ ఆపేసేవాళ్లు. మనం ఆపలేని స్విచ్ అయితేనే నొప్పి తన పని చేయగలదు అని అక్కడ అర్థమవుతుంది.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. నొప్పి కానుక అన్న మాట మూడు నెలలు దాటి పాతుకుపోయిన నొప్పికి అంత సూటిగా వర్తించదు. గాయం మానినా మోగుతూనే ఉండే అలారం లాంటిది కొందరికి ఉంటుంది, దాన్ని కానుక అని ఎవరైనా అంటే మీకు కోపం రావడం న్యాయమే. అది చదివేటప్పుడు పక్కన పెన్సిల్‌తో "ఇది నాకు కాదు" అని రాసుకుని ముందుకి పోండి. నేను మూడు చోట్ల రాసుకున్నాను.

ఎప్పుడు, ఎలా కూర్చుని, ఎన్ని పేజీలు

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ నడుమునొప్పి ఉన్నవాడు పుస్తకం చదవడమే ఒక పని. నేను పావుగంటకి మించి కూర్చోలేకపోయేవాడిని. మంచం మీద పక్కకి తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని కొన్నాళ్లు, ఇస్త్రీ టేబుల్ ఎత్తు పెంచి దాని మీద పుస్తకం పెట్టుకుని నిలబడి కొన్నాళ్లు చదివాను. వెల్లకిలా పడుకుని ఫోన్ మొహం మీద పట్టుకుని చదవొద్దు, నడుముకి తోడు మెడ కూడా పడుతుంది. ఇరవై నిమిషాలకి టైమర్ పెట్టుకోండి, మోగగానే వాక్యం మధ్యలో అయినా ఆపి లేచి నడవండి. పుస్తకం పట్టుకోలేని స్థితిలో ఉంటే ఆడియో వినండి, అది తక్కువ చదువేం కాదు. నరాల నొప్పికి ఇచ్చే కొన్ని మందులు మత్తుగా ఉంచుతాయి, చదివిన పేజీయే మళ్లీ చదువుతున్నారంటే బుర్ర చెడిపోయిందని భయపడకండి, మందు వేసుకోవడానికి ముందు టైంలో చదవండి.

రాత్రి చదవకండి. ఇది గట్టిగా చెప్తున్నాను. ఇల్లు సద్దుమణిగాక నొప్పి తప్ప ఇంకేం వినపడదు, అప్పుడు ఇంకొకరి నొప్పి కూడా తెచ్చి పెట్టుకుంటే తెల్లారేదాకా కళ్లు మూతపడవు. పొద్దున కాఫీ తర్వాత పది పేజీలు, అంతే.

సైన్సు పుస్తకాలు చదివేటప్పుడు ఏ ఏడాదిదో చూడండి

నొప్పి సైన్సు మారుతూ వచ్చింది. 1965లో ఇందాక చెప్పిన మెల్జాకూ పాట్రిక్ వాల్ అనే ఇంకో శాస్త్రవేత్తా కలిసి ఒక సిద్ధాంతం చెప్పారు, వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుంది, నొప్పి సందేశం మెదడుకి చేరేలోపు ఆ గేటు దాన్ని పెంచనూ గలదు తగ్గించనూ గలదు, స్పర్శ వల్ల, పైనుంచి మెదడు పంపే సందేశాల వల్ల కూడా అది మారుతుంది. చిన్నప్పుడు మోకాలు కొట్టుకుంటే అమ్మ చేత్తో రుద్దేది కదా, రుద్దితే తగ్గేది కదా, అది ఉత్త బుజ్జగింపు కాదన్నమాట. ఆ సిద్ధాంతంలో వివరాలు కొన్ని తర్వాత సవరించారు, అసలు మాట నిలిచింది. 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం కొత్తగా సవరించిన నిర్వచనంలో కూడా నొప్పి అంటే శరీరానికీ మనసుకీ కలిపి కలిగే బాధాకరమైన అనుభవం అనే ఉంది, ఒంట్లో గాయం కనపడాలన్న షరతు లేదు. మీ ఎం.ఆర్.ఐ. బాగానే ఉంది, మీది మనసు సమస్య అని ఎవరైనా తీసిపారేస్తే ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మనసు కలిసినంత మాత్రాన నొప్పి అబద్ధం అయిపోదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నా ఎం.ఆర్.ఐ. రిపోర్టు పట్టుకుని ఒక్కో మాట గూగుల్ చేసి నేను వారం రోజులు వణికిపోయాను. తర్వాత తెలిసింది, నడుమునొప్పి అసలు లేనివాళ్లకి తీసిన స్కాన్ల లెక్కలన్నీ కలిపి 2015లో ఒక పరిశీలన వచ్చింది, అందులో ఇరవై ఏళ్ల వయసువాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కులు అరిగినట్టు కనపడింది. వాళ్లెవరికీ నొప్పి లేదు. అంటే రిపోర్టులో ఉన్నదంతా నొప్పి కాదు, నొప్పంతా రిపోర్టులో ఉండదు. పాత పుస్తకాల్లో ఈ మాట దొరకదు, అందుకే ఏడాది చూడమన్నాను. ఏదైనా పుస్తకం ఇన్ని రోజుల్లో పూర్తిగా నయం అని అట్ట మీదే రాస్తే కొనకండి. కాలు పాదం పైకి లేవకపోవడం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం లాంటివి ఉంటే అసలు ఏ పుస్తకమూ తెరవకండి, ఆ గంటే ఆస్పత్రికి వెళ్లండి.

ఎవరి బాధతోనూ మీ బాధని కొలవొద్దు

విక్టర్ ఫ్రాంకిల్ పుస్తకం చాలామంది మీకు సిఫారసు చేస్తారు. వియన్నా మానసిక వైద్యుడు, నాజీ క్యాంపుల్లో తల్లిదండ్రుల్నీ అన్నదమ్ముణ్నీ భార్యనీ పోగొట్టుకుని బయటికొచ్చి, 1945లో తొమ్మిది రోజుల్లో ఆ పుస్తకం రాశాడు. గొప్ప పుస్తకం, నాకూ ఇష్టం. కానీ దాన్ని మనకిచ్చేవాళ్లు ఒక్కోసారి ఒక మాట కలిపి ఇస్తారు, "ఆయన పడ్డదానిముందు నీదెంత" అని. ఆ మాట ఆయనది కాదు. ఆయన రాసింది దానికి పూర్తిగా ఎదురు, ఖాళీ గదిలోకి కొంచెం వాయువు వదిలినా ఎక్కువ వదిలినా అది గదంతా సమంగా పరుచుకుంటుంది, బాధ కూడా మనిషి మనసులో అలాగే నిండిపోతుంది, చిన్నదా పెద్దదా అన్న తేడా లేకుండా. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. అప్పటిదాకా, పోయింది అరవై రెండేళ్ల అమ్మే కదా, లోకంలో ఎంతమంది చిన్నపిల్లలు పోవట్లేదు అని నాకు నేను చెప్పుకుంటూ ఏడుపు ఆపుకుంటున్నాను.

ఏడుపు సంగతి వచ్చింది కాబట్టి, చదువుతుంటే ఏడుపొస్తే ఆపొద్దు. భవభూతి ఉత్తరరామచరితం మూడో అంకంలో ఒక శ్లోకం ఉంది, చెరువు నిండిపోయి కట్ట తెగేలా ఉన్నప్పుడు నీళ్లు బయటికి వదలడమే మందు, దుఃఖంతో నిండిన గుండె కూడా ఏడ్చి చెప్పుకుంటేనే నిలబడుతుంది అని. మా నెల్లూరు వైపు దాన్ని కలుజు అంటాం, మీ వైపు అలుగో మత్తడో అంటారు. వానాకాలంలో కలుజు పారకపోతే ఊళ్లో వాళ్లకి నిద్ర ఉండదు, పన్నెండు వందల ఏళ్ల కింద ఆయన రాముడి గురించి చెప్పినా మన ఊరి చెరువు చూసి రాసినట్టే ఉంటుంది.

అయితే ఏడ్చాక తేలికగా ఉంటే అది కలుజు. ఏడ్చాక ఇంకా బరువుగా ఉంటే, వరసగా మూడు రోజులు అలాగే ఉంటే, తిండి నిద్ర పోతే, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, పుస్తకం మూసేసి 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పుస్తకం మనం చెప్పేది వినలేదు, ఆ స్థితిలో వినే మనిషి కావాలి.

తెలుగులో ఏం చదవాలి అంటే

మనకి నొప్పి మీద డాక్టర్లు రాసిన పెద్ద పుస్తకాలు తక్కువే గానీ మనసు నొప్పికి తక్కువ లేదు. నవీన్ రాసిన అంపశయ్య 1969లో వచ్చింది, ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్క రోజు, లేచినప్పటి నుంచి వాడి తలలో తిరిగేదంతా ఉంటుంది, పేరులోనే భీష్ముడు పడుకున్న బాణాల పడక ఉంది. వయసులో ఉండి ఏం బాధో చెప్పలేనివాళ్లు చదవాల్సింది. బుచ్చిబాబు చివరకు మిగిలేది నెమ్మదిగా, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో చదవండి. నేను మాత్రం అందరికీ చెప్పేది జాషువా గబ్బిలం, 1941. మనిషన్నవాడు ఎవడూ వినకపోతే, గుడి తలుపు తనకి మూసి ఉంటే, ఆ పేద దళితుడు తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో తన గోడు చెప్పుకుని కాశీలో శివుడికి చేరవెయ్యమంటాడు, గబ్బిలానికి గుళ్లోకి వెళ్లడానికి అడ్డు లేదు కాబట్టి. కులం పెట్టిన నొప్పి అది, నా నొప్పితో పోల్చడానికి నేను సాహసించను. కానీ చెప్పుకోడానికి ఒక్క చెవి దొరక్కపోతే మనిషికి ఎలా ఉంటుందో అంత సూటిగా నాకు ఇంకే పుస్తకమూ చెప్పలేదు. పద్యాలంటే భయపడకండి, పైకి చదవండి, నోటికి పట్టేస్తాయి.

చదివింది నోట్‌బుక్కులోకి, నోట్‌బుక్కు డాక్టర్ దగ్గరికి

ప్రతి పది పేజీలకీ ఒక్క మాటైనా ఎత్తి రాసుకోండి, పుస్తకంలో మాట కాదు, అది చదివాక మీ నొప్పికి మీకు దొరికిన మాట. నేను డాక్టర్‌కి మొదట్లో "కాలు నొప్పి సార్" అనేవాడిని. ఆరు వారాల తర్వాత "తుంటిలో మొదలై తొడ వెనక నుంచి బొటనవేలి దాకా కరెంటు పాకినట్టు, దగ్గితే ఎక్కువ, నడిస్తే కాస్త తక్కువ, పాదం పైన తిమ్మిరి" అన్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టి మొదటిసారి నా మొహం చూశారు, మందు మార్చారు, ఫిజియోథెరపీలో ఎక్సర్‌సైజులు కూడా మారాయి. ఆ వాక్యం రెండు నిమిషాల్లో చెప్పొచ్చు, తయారవడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

ఇక ఇంకొకళ్లకి పుస్తకం ఇవ్వాలనుకునేవాళ్లకి

కొని చేతిలో పెట్టేసి వెళ్లిపోకండి. ముందు మీరు చదవండి. మొత్తం చదవమని చెప్పకండి, చదివావా అని మళ్లీ ఫోన్ చేసి అడక్కండి. చాలాసార్లు పుస్తకం కూడా అక్కర్లేదు, అందులో ఒక్క ముక్క మీ నోటితో తెలుగులో చెప్తే చాలు.

మా నాన్న పుస్తకాలు చదవరు, అమ్మ గురించి మాట్లాడరు కూడా. జోన్ డిడియన్ అని అమెరికా రచయిత్రి, ఆవిడ భర్త 2003 డిసెంబర్ 30న రాత్రి భోజనం దగ్గరే గుండె ఆగి పోయాడు, ఆ తర్వాతి ఏడాది గురించి ఆవిడ 2005లో ఒక పుస్తకం తెచ్చింది. భర్త బట్టలు ఇచ్చేసింది గానీ ఆయన బూట్లు మాత్రం ఇవ్వలేకపోయింది, తిరిగొస్తే వేసుకోడానికి కావాలి కదా అని. నిరుడు దసరాకి నెల్లూరు వెళ్లినప్పుడు వరండాలో కూర్చుని ఈ ముక్క నాన్నకి కథలా చెప్పాను, చెప్పి ఊరుకున్నాను. ఆయన చాలాసేపు రోడ్డు వైపు చూశారు. తర్వాత అన్నారు, "పొద్దున కాఫీకి నేనింకా రెండు గ్లాసులు తీస్తున్నాన్రా, ఒకటి మళ్లీ లోపల పెట్టేస్తున్నా."

నేను లోపలికి వెళ్లి తేదీ వేసి ఆ వాక్యం నోట్‌బుక్కులో రాసుకున్నాను.